కూర వద్దంటే మొండితనమేనా..? పిల్లల నాలుక వెనుక జీన్స్ కథ ఇదీ..!

ఒకే ఇల్లు.. ఒకే కూర. అమ్మ ఇష్టంగా తింటుంది. పిల్లాడు మాత్రం ముద్ద నోట్లో పెట్టగానే ఉమ్మేస్తాడు. తెనాలి, బాపట్ల, రేపల్లె.. ఏ ఊరైనా చాలా ఇళ్లలో భోజనాల దగ్గర జరిగే గొడవే ఇది. "మారాం చేస్తున్నాడు" అని రెండు తగిలించే ముందు ఒక విషయం తెలుసుకోవాలి. ఆ ఇద్దరి నాలుకలకు తెలిసే రుచి ఒకటే కాకపోవచ్చు.

ఎలా బయటపడింది..?

1931లో అమెరికాలోని డ్యూపాంట్ కంపెనీ ల్యాబ్‌లో ఆర్థర్ ఫాక్స్ అనే కెమిస్ట్ పీటీసీ అనే పొడితో పని చేస్తుండగా అది కాస్త గాల్లోకి లేచింది. పక్కనున్న సహోద్యోగి చేదుగా ఉందన్నాడు. ఫాక్స్‌కు మాత్రం ఏ రుచీ తెలియలేదు. చాలామందికి ఆ పొడి రుచి చూపిస్తే.. కొందరికి చేదు, కొందరికి ఏమీ లేదు. ఈ తేడా తల్లిదండ్రుల నుంచి వస్తుందని తర్వాత తేలింది. 2003లో అందుకు ప్రధాన కారణమైన జీన్ దొరికింది. దాని పేరు టీఏఎస్2ఆర్38.

ఏ కూరల మీద ప్రభావం..?

క్యాబేజీ, కాలీఫ్లవర్, ముల్లంగి, ఆవాలు.. వీటిలో పీటీసీని పోలిన పదార్థాలు ఉంటాయి. ఈ జీన్ చురుకైన రకం ఉన్నవాళ్లకు ఇవి ఎక్కువ చేదుగా అనిపించొచ్చు. మరి కాకరకాయ..? దాని చేదు వేరు. చేదును పసిగట్టే జీన్స్ మనిషిలో దాదాపు 25 ఉన్నాయి. అందుకే కాకరకాయ వేపుడు లొట్టలేసుకుంటూ తినే మనిషి క్యాబేజీని పక్కన పెట్టినా వింతేం లేదు.

అమ్మకు తెలియని చేదు

పిల్లలకు అమ్మ నుంచి ఒక కాపీ, నాన్న నుంచి ఒక కాపీ వస్తాయి. కాబట్టి అమ్మకు తెలియని చేదు బిడ్డకు తెలియొచ్చు. ఫిలడెల్ఫియాలోని మోనెల్ సెంటర్ 2005లో తల్లులు, పిల్లల మీద చేసిన అధ్యయనంలో ఆసక్తికరమైన విషయం బయటపడింది. ఒకే రకం జీన్స్ ఉన్నా కొందరు పిల్లలకు పెద్దలకంటే చేదు ఎక్కువగా తెలిసింది. అంతేకాదు.. చేదు తెలియని తల్లులు, చేదు తెలిసే తమ పిల్లల్ని ఎక్కువ భావోద్వేగాలున్న పిల్లలుగా చూశారు. అంటే మనం మొండితనం అనుకునేదాంట్లో కొంత నాలుక పని కూడా ఉండొచ్చన్నమాట.

మరి అంతా జీన్సేనా..?

కాదు. మన కారమే ఇందుకు ఉదాహరణ. మిరప పుట్టింది అమెరికా ఖండాల్లో. పోర్చుగీసు వ్యాపారులతో మన దేశానికి వచ్చి 500 ఏళ్లు మాత్రమే. అసలు కారం రుచి కూడా కాదు.. వేడిని, నొప్పిని పసిగట్టే నరాల స్పందన. దాన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. కారం తట్టుకోవడంలో జీన్స్ పాత్ర కొంత ఉన్నా, గుంటూరు వైపు వాళ్లకు పచ్చడి మెతుకులు లేనిదే ముద్ద దిగకపోవడానికి చిన్నప్పటి నుంచి పడిన అలవాటే పెద్ద కారణం.

ఆ అలవాటు పుట్టకముందే మొదలవుతుంది. గర్భిణిగా ఉన్నప్పుడు తల్లి క్యారెట్ జ్యూస్ తాగితే, పుట్టిన బిడ్డ క్యారెట్ రుచిని సులువుగా ఒప్పుకున్నట్లు 2001లో మోనెల్ అధ్యయనమే తేల్చింది.

ఇంట్లో ఏం చేయాలి..?

* తిట్టి, కొట్టి తినిపించొద్దు. ఆ కూరంటేనే భయం పట్టుకుంటుంది.
* ఒక్క స్పూను చాలు. రోజులు మార్చి 8 నుంచి 10 సార్లు రుచి చూపిస్తే చాలామంది పిల్లలు అలవాటు పడతారు.
* ఉప్పు చేదును అణుస్తుంది. కాకరకాయ ముక్కలకు ఉప్పు రాసి పిండడం, పులుసులో బెల్లం వేయడం ఇందుకే. అలాగని ఉప్పు, తీపి మోతాదు మించొద్దు.
* క్యాబేజీ వద్దంటే గొడవ వద్దు.. బెండకాయ, తోటకూర, సొరకాయ ఉన్నాయిగా.

అయితే పిల్లలు అన్నీ వద్దంటున్నా, బరువు తగ్గుతున్నా జీన్స్ అని సరిపెట్టుకోకుండా డాక్టర్‌కు చూపించాలి.