సముద్రతీరపు పాతయింటి మరమ్మతు

సముద్రపుగాలి యారోగ్యమునకు మంచిదని యందఱును చెప్పుదురు గాని, అది యింటికి మంచిదని చెప్పినవారిని నేను చూడలేదు. భీమునిపట్టణమువంటి తీరపుటూళ్లలో కెరటముల చప్పుడు వినవచ్చునంత దూరమున కట్టిన యిండ్లు, లోపలియూళ్ల యిండ్లకంటె చాల ముందుగా శిథిలమగుచుండును. అట్టి యింటిని బాగుచేయించునపుడు వేఱొకచోట కాపురముండు వసతి యందఱికి నుండదు. మా కుటుంబము మాఘ ఫాల్గునమాసములలో నా యింటనే యుండి మరమ్మతులు జరిపించుకొన్నది. అందువలన తెలిసిన సంగతులు విద్యార్థులకును వారి తల్లిదండ్రులకును ఉపకరించునని యిందు వ్రాయుచున్నాను.

తీరపు టింటికి మొదటి శత్రువు ఉప్పు. సముద్రజలమున లీటరునకు సుమారు 35 గ్రాముల లవణము గలదు. కెరటములు విరుగునపుడు లేచు తుంపురులు గాలిలో నెండి, ఉప్పురేణువులై గోడలపై వ్రాలును. గాలి మోయగల తేమలో నూటికి 75 పాళ్లు మించినప్పుడు ఉప్పు ఆ తేమను పీల్చి కరగి, పూతలోనికిని ఇటుకలోనికిని ఇంకును. తేమ తగ్గినంతనే మరల స్ఫటికమై గట్టిపడును. స్ఫటికము పెరుగునపుడు చుట్టునున్న పూతను త్రోయును. ఇట్లు వందలసార్లు జరిగినపిమ్మట పూత పొడిపొడిగా రాలును. గోడ అడుగున తెల్లగా నురుగువలె కనబడునది చాలవఱకు ఈ యుప్పే. నాలుకతో చూచి తెలిసికొందమని బాలురు ప్రయత్నింపరాదు, పాతరంగులలో సీసముండవచ్చును.

ఇనుము సంగతి యింతకంటె ప్రమాదకరము. సిమెంటు కాంక్రీటు తన క్షారగుణముచేత లోపలి యినుపచువ్వలమీద నొక పలుచని రక్షకపుపొరను నిలిపియుంచును. ఉప్పులోని క్లోరైడు చువ్వలను చేరినచో ఆ పొర చెడి త్రుప్పు బయలుదేరును. త్రుప్పు, తనకు మూలమైన యినుముకంటె రెండు మొదలు ఆఱురెట్లవఱకు చోటు నాక్రమించును. ఆ యొత్తిడికి తాళజాలక కాంక్రీటు బీటలువాఱి, పెచ్చులై యూడిపడును.

మా వరండా పైకప్పు అడుగున చువ్వల వెంబడి గోధుమవన్నె చారయు, దాని ప్రక్క సన్నని బీటయు పుష్యమాసమున కనబడినవి. సరిగా దాని క్రిందనే మా మామ్మగారి మంచము. తాపీమేస్త్రి వచ్చి చిన్నసుత్తితో తట్టుచు పోగా, మంచిచోట ఖంగుమనియు చెడినచోట డొల్లగాను పలికెను. మంచము వెంటనే నడిమియింటిలోనికి మాఱినది. మామ్మగారు మాత్రము సముద్రము కనబడదని పదిదినములు కినుక వహించిరి.

ఉగాది వెళ్లినపిదప మా చెల్లెలి వివాహము. చేతనున్న ధనము పైకప్పునకును రంగులకును గూడ చాలదు. పెండ్లివారు వచ్చునాటికి గోడలు ముచ్చటగా నుండవలెనని కొందఱును, పైకప్పు ముందని మా నాయనగారును వాదించిరి. చివఱకు చెల్లెలే పైకప్పు పక్షమున పలికినది. ఉప్పుపట్టిన గోడపై రంగువేయుట ధనమును సముద్రములో విసరుటయే యని నా యభిప్రాయము. లోపలి యుప్పు ఆ రంగును మఱుసటి వర్షకాలమునకే పొక్కించి రాల్చును.

పని జరిగిన విధ మిది. సరుగుడు కఱ్ఱలను ఊతగా నిలిపి, డొల్లబాఱిన కాంక్రీటును చువ్వల వెనుకభాగము కనబడువఱకు కొట్టివేసిరి. త్రుప్పును తీగకుంచెతో గీకి, మిక్కిలి సన్నగిలిన చువ్వలకు తోడుగా క్రొత్తవి కట్టి, త్రుప్పునాపు పూత పూసి, క్రొత్త కాంక్రీటు దట్టముగా కూరిరి. ఇసుక ఏటినుండి తెప్పించితిమి. ఇంటియెదుటనే రాసులుగా నున్న సముద్రపుటిసుక వాడినచో, శత్రువును మనమే గోడలోనికి పిలిచినట్లగును.

ఇటుకగోడల విషయమున మేస్త్రికిని మాకును కొంత తగవు కలిగినది. అతడు సిమెంటుపూత గట్టిదనెను. గట్టిదే, కాని గుల్లసున్నముతో కట్టిన పాతగోడ తనలోని తేమను పూతద్వారా వెలుపలికి వదలుచుండును. సిమెంటు ఆ దారిని మూయుటచేత తేమయు ఉప్పును లోపలనే నిలిచి ఇటుకను తినివేయును. సున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చి, మెల్లమెల్లగా మరల సున్నపుఱాయియగును. ఎప్పుడైన చెడినను పూతయే చెడును గాని ఇటుక చెడదు. కరక్కాయనీరును బెల్లపునీరును కలిపి సున్నము నూరెడి పాతపద్ధతి నెఱిగిన వృద్ధుడొకడు దొరకుట మా యదృష్టము.

ఈ పనులకు మాఘ ఫాల్గునములే తగిన కాలము. వాన లరుదు, ఎండ తీవ్రముకాదు. క్రొత్తపూత త్వరగా నెండినచో బీటలువాఱును. సిమెంటుపనిని ఏడుదినములకు తక్కువకాకుండ తడుపుచుండవలెను. ఆలస్యమైనచో ఎండలును, జూనులో వానలును, పిదప తుపానులును వచ్చును. 2014 అక్టోబరు 12వ తేదీని హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణము చెంత తీరము దాటిన సంగతి ఈ ప్రాంతమువా రెవ్వరును మఱవలేదు.

ఆ కాలమునకున్న దోష మొక్కటే: పరీక్షలు. మా తమ్ముడు పదవతరగతి. సుత్తుల చప్పుడులో రేఖాగణితము సాగదు గనుక, వాడు తెల్లవాఱుజామున నాలుగుగంటలకు లేచి పనివారు వచ్చువఱకు చదివి, పగలు పొరుగింటి యరుగుమీద కూర్చుండెడివాడు. ఒక్కొక్క గదిని ఖాళీచేసి, అది ముగిసినగాని రెండవదానిని ముట్టరాదను నియమము పెట్టుకొంటిమి. తలుపులకు తడిపిన దుప్పట్లు కట్టితిమి. వంటపాత్రలను, మంచినీటి బిందెలను మూతలు లేక యుంచలేదు. పాతరంగును పొడిగా గీకక తడిపి గీకించితిమి. సున్నము కంట పడినచో నలుపక, వెంటనే మంచినీటితో చాలసేపు కడిగి వైద్యునికి చూపవలెనని పిల్లలకు మొదటిదినముననే చెప్పితిమి.

పెండ్లినాటికి వరండా పైకప్పు సిద్ధమైనది, గోడలకు వెల్లమాత్రమే. మగపెండ్లివారిలో నొక పెద్దమనిషి గోడను తడవి చూచి, సున్నము నూఱినవాని పేరడిగి వ్రాసికొనిపోయెను. ఉత్తరపుగది యింకను మిగిలియున్నది. దానికి వచ్చు మాఘమున పని పెట్టవలెను.