అతిథి ఇల్లు చేరేవరకూ మన బాధ్యతే

హైదరాబాదు నగరంలో పెండ్లి విందు అంటే అర్ధరాత్రి విందుగా మారిపోయింది. శుభలేఖలో ‘ఇషా నమాజు తరువాత’ అని అచ్చవుతుంది. బరాత్ వచ్చేసరికి పదకొండు, వడ్డన మొదలయ్యేసరికి పన్నెండు దాటుతుంది. బిర్యానీ గురించి, ఫంక్షన్ హాలు అలంకరణ గురించి నెలల తరబడి ఆలోచించే కుటుంబాలకు, భోజనం చేసిన అతిథి ఇంటికి ఎలా చేరుకుంటాడన్న ఆలోచన మాత్రం రాదు.

సొంత కారు ఉన్నవారికి అది సమస్య కాదు. బస్సులో వచ్చిన మేనత్తకూ, పసిబిడ్డతో వచ్చిన పేద బంధువుకూ అదే పెద్ద సమస్య. మెట్రో చివరి రైళ్లు రాత్రి పదకొండు గంటల ప్రాంతంలోనే టెర్మినల్ స్టేషన్ల నుంచి బయలుదేరుతాయి. పైగా మెట్రో ఇంకా పాతనగరం లోపలికి చేరలేదు. 2020 ఫిబ్రవరిలో ప్రారంభమైన జేబీఎస్ మార్గం ఎంజీబీఎస్‌తోనే ఆగిపోతుంది. అక్కడి నుంచి ఫలక్‌నుమాకో, చాంద్రాయణగుట్టకో వెళ్లవలసినవారు మరో వాహనం వెతుక్కోవాలి. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో మహిళలకు ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ప్రయాణం ఉచితమైంది. కాని రాత్రి పొద్దుపోయాక బస్సే రానప్పుడు ఆ సౌకర్యం ఏ విధంగా అక్కరకు వస్తుంది? ఇక మిగిలింది ఆటో. ఆ వేళ దాని కిరాయి చదివింపుల కవరులో పెట్టిన సొమ్మును మించిపోయినా ఆశ్చర్యం లేదు.

అందుకే ఎందరో భోజనం చేయకుండానే లేచిపోతారు. కొందరు అసలు రావడమే మానేస్తారు. ధనవంతులను పిలిచి పేదలను విడిచిపెట్టే వలీమా విందు అన్నిటికన్నా చెడ్డదని హదీసు హెచ్చరిస్తోంది. మనం పేదలకు శుభలేఖ పంపుతున్నాము, నిజమే. కాని వారు ఉండలేని వేళలో వడ్డించడం కూడా వారిని విడిచిపెట్టడం కాదా? ఇషాకు ముందు నిద్రనూ, ఇషా తరువాత కబుర్లనూ దైవప్రవక్త (స) ఇష్టపడేవారు కారని బుఖారీ గ్రంథంలో ఉంది. అర్ధరాత్రి విందు మరుసటి ఉదయపు ఫజ్ర్ నమాజునూ దెబ్బతీస్తుందన్నది మనందరికీ అనుభవమే.

ఈ విషయంలో మనకు చక్కని ఆదర్శం ఉంది. రమజాన్ చివరి పది రోజులలో దైవప్రవక్త (స) మస్జిదులో ఏతెకాఫ్ పాటిస్తుండగా, విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ సఫియ్యా (రజి) రాత్రివేళ ఆయనను చూడవచ్చారు. కాసేపు మాట్లాడి ఆమె తిరిగి వెళ్లడానికి లేవగా, సాగనంపడానికి ఆయన (స) కూడా లేచి వెంట నడిచారు. ఆరాధనలో నిమగ్నమైన వేళ కూడా ఆయన (స) ఆమెను ఒంటరిగా పంపలేదు. అలాంటప్పుడు విందు సందడిలో ఉన్న మనకు తీరిక లేదనడం తగునా?

చేయవలసినవి కష్టమైన పనులేమీ కావు. నికాహ్‌ను అస్ర్ లేదా మగ్రిబ్ తరువాత మస్జిదులో జరిపించవచ్చు. శుభలేఖలో భోజన సమయాన్ని స్పష్టంగా ముద్రించి, ఇషా కాగానే వడ్డించవచ్చు. వృద్ధులకూ, పిల్లల తల్లులకూ, దూరం నుంచి వచ్చినవారికీ తొలి పంక్తిలోనే చోటివ్వాలి. బస్సు మార్గానికి దగ్గరలో ఉన్న హాలును ఎంచుకోవాలి. వాహనం లేని బంధువులెవరో ముందే తెలుసుకుని, అదే దారిన వెళ్లే కార్లలో వారికి చోటు చూసే పనిని ఇంటి యువకుడొకరికి అప్పగించాలి.

అతిథులూ జాగ్రత్త వహించాలి. తమ మార్గంలో చివరి బస్సు ఎప్పుడో పగలే విచారించుకోవాలి. స్త్రీలు ఒంటరిగా కాక బంధువులతో కలిసి బయలుదేరాలి. ఆటో ఎక్కితే దాని నంబరును ఇంటివారికి పంపాలి. ఆపద ఎదురైతే 112కు ఫోన్ చేయాలి.

అతిథులందరూ క్షేమంగా ఇళ్లకు చేరారని ఫోనులో అడిగి తెలుసుకున్న తరువాతనే ఆతిథ్యమిచ్చినవారు నిద్రకు ఉపక్రమించాలి. అతిథిని గౌరవించే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.