గుక్కెడు కాఫీకి నూరు మార్కులు

సమాధానపత్రమును దిద్ది నూటికి ఇన్ని మార్కులని వేయుట ఉపాధ్యాయులకు నిత్యకృత్యము. స్కాట్లండువారు ఓకు పీపాలలో ఏండ్ల తరబడి మాగిన విస్కీకి సైతము అట్లే మార్కులు వేయుదురు. నలుగురు మిత్రులు బల్లచుట్టు చేరి, వాసన చూచి, గుక్క పుచ్చుకొని, రుచిని అంకెలలోనికి దింపుట అక్కడ ఒక విద్య. అట్టి పరీక్షకు తగిన పానీయమొకటి నర్సీపట్నమునకు ఎగువనే పండుచున్నది. అది కాఫీ.

నర్సీపట్నము నుండి చింతపల్లి దారిపట్టి ఘాటు ఎక్కినచో లంబసింగి చలి తగులును. ఆ పైన సిల్వరు ఓకు చెట్లు, వాటిని అల్లుకొన్న మిరియపు తీగెలు, వాటి నీడన కాఫీ తోటలు. తూర్పు కనుమలలో కాఫీని తొలుత నాటినది 1898లో, గోదావరి మన్యమందలి పాములేరు లోయలో. నేడు విశాఖ మన్యమున దానిని పండించువారు అత్యధికముగా గిరిజనులైన చిన్న రైతులే. 2017లో పారిస్ నగరమున అరకు కాఫీకి దుకాణము వెలసినది. 2019లో ‘అరకులోయ అరబికా’కు భౌగోళిక గుర్తింపు లభించినది.

ఇక పరీక్ష జరుగు తీరు. పాలు, పంచదార, చికోరీ నిషిద్ధములు. అవి రుచిని పెంచవచ్చును గాని దోషమును కప్పిపుచ్చును. ఒక్కొక్క గిన్నెలో 8.25 గ్రాముల బరకపొడి వేసి మొదట వాసన చూతురు. పిమ్మట దాదాపు 93 డిగ్రీల వేడి గల నీరు 150 మిల్లీలీటర్లు పోయుదురు. 4 నిమిషములకు పైన తేలిన తెట్టును చెంచాతో చీల్చగా ఆవిరితో పాటు పరిమళము లేచును. తెట్టు తీసివేసి, కొంత చల్లారిన పిదప చెంచాడు కాఫీని చప్పుడగునట్లు జుఱ్ఱవలెను. బడిలో తప్పన్న పని ఇచ్చట నియమము. జుఱ్ఱినప్పుడు గాలితో కలిసిన పరిమళము గొంతు వెనుకనుండి ముక్కునకు చేరును.

పరిమళము, రుచి, పులుపు, చిక్కదనము, తీపి, మ్రింగిన పిమ్మట నిలుచు రుచి మున్నగు పది అంశములకు పదేసి మార్కులు వేయుట చాలకాలముగా వాడుకలోనున్న పద్ధతి. 80 గాని ఆ పైన గాని వచ్చినది మేలిరకము. మార్కులు వేయునంతవరకు ఎవరును మాటాడరాదు. ఒకరి కాగితము ఒకరు చూడరాదు. చర్చ తరువాతనే.

ఇందు పులుపు దోషము కాదు, గుణము. వినుటకు వింతయైనను తెలుగువారికిది తెలియని సంగతి కాదు. మామిడికాయ పుల్లన, నిలువయున్న పిండి పులిసినది. మొదటిది కాయకు పుట్టుకతో వచ్చిన రుచి. రెండవది గడువు మించినందున కలిగిన వికారము. నిపుణులు మెచ్చునది మొదటి పులుపును, త్రోసిపుచ్చునది రెండవదానిని. ఈ భేదమునకై వారు శిక్షణ పొందుదురు. మన పల్లెలలో అది అవ్వల నోటనే యున్నది.

ఈ రుచుల పుట్టుక తోటలోనే. పచ్చికాయ కోసినచో వగరు. కోసిన పండ్లను ఆనాడే తొక్క తీయక కుప్పబోసినచో పులిసిన వాసన. వట్టి నేలపై ఎండబోసినచో మట్టివాసన. గిన్నెలో తగ్గిన ప్రతి మార్కునకు తోటలోనో కళ్ళములోనో కారణము కలదు.

కాని తోటవానికి తరచు తెలియునది ధర మాత్రమే. ధర తగ్గుటకు హేతువు తెలియదు. మార్కులు చదివి, దిద్దిన పత్రమును తిరిగి ఈయని ఉపాధ్యాయుని శిష్యుడు తన తప్పు నెట్లు దిద్దుకొనగలడు? ‘జెమ్స్ ఆఫ్ అరకు’ పేరిట గిరిజన రైతుల కాఫీని విదేశీ నిపుణులు రుచిచూచి ఉత్తమమైనవానిని ఎంచిన పోటీలు జరిగినవి. అది మేలే. అంతకంటె మేలు, ఆ చెంచాను రైతు చేతికే ఇచ్చుట. తన కాఫీని, పొరుగువాని కాఫీని ప్రక్కప్రక్కన రుచిచూచినవాడు మరుసటి యేట పచ్చికాయ కోయుటకు వెనుదీయును.

దీనికి పెద్ద సాధనములు అక్కరలేదు. ఒక త్రాసు, గడియారము, కొన్ని గిన్నెలు, చెంచాలు చాలును. మన్యమునుండి వచ్చి చదువుకొను బాలురు, బాలికలు ఎందరో గల నర్సీపట్నపు బడులలో ఇది ఒక పూట విజ్ఞానశాస్త్ర పాఠము కాగలదు. వారిలో ఒక్కరు ఇంటికి పోయి తండ్రి చేత ఆ గుక్క త్రాగించినను, దిద్దిన పత్రము చేరవలసినచోటికి చేరినట్లే.