బడిలో పార్టీ ప్రచారం జరిగితే తల్లిదండ్రులు ఏం చేయొచ్చు? ఎవరిని అడగాలి?

మీ అబ్బాయి ప్రభుత్వ బడిలో ఆరో తరగతి చదువుతున్నాడు అనుకోండి. సాయంత్రం తరగతి వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో వచ్చింది. బడి ఆవరణలో పిల్లలు వరసగా నిలబడి ఉన్నారు. వెనక ఓ నాయకుడి ఫ్లెక్సీ. పార్టీ కండువాలు వేసుకున్న నలుగురు నోట్‌బుక్కులు పంచుతున్నారు. మీవాడి చేతిలో ఆ నాయకుడి బొమ్మ ఉన్న ప్లకార్డు.

మీరు ఆ పార్టీకే ఓటేసి ఉండొచ్చు, వేయకపోయి ఉండొచ్చు. ఏదైనా సరే, 'మమ్మల్ని అడగకుండా మా బిడ్డను ఎందుకు నిలబెట్టారు' అనిపిస్తుంది. అడగాలంటే మాత్రం వెనకాడతారు. కడప జిల్లా పెండ్లిమర్రి లాంటి మండల కేంద్రంలో ఎవరిది ఏ పార్టీయో ఊరందరికీ తెలుసు. పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు చుట్టుపక్కల పల్లెల గురించి వేరే చెప్పనక్కర్లేదు. నోరు తెరిస్తే 'వాళ్లు అవతలి పార్టీ, అందుకే అడుగుతున్నారు' అంటారు. పథకం డబ్బులు ఆపేస్తారేమో, బడిలో పిల్లాడిని ఇబ్బంది పెడతారేమో అన్న బెంగ కూడా ఉంటుంది.

అభ్యంతరం చెప్పే హక్కు మీకు ఉంది. అయితే అర్జీ రాసే ముందు ఒక విషయం తేల్చుకోవాలి. మీరు చూసింది ప్రభుత్వ సమాచారమా, నాయకుడి ప్రచారమా, పార్టీ ప్రచారమా? మూడింటికీ నిబంధనలు వేరు. ఈ తేడా పట్టించుకోకుండా పెట్టిన అర్జీలు తొలి మెట్టులోనే ఆగిపోతాయి.

ఈ మూడింటికీ తేడా ఏంటి?

'ఫలానా పథకానికి ఈ నెల 30లోగా దరఖాస్తు చేయండి' అని బడి గోడకు నోటీసు అంటిస్తే అది ప్రభుత్వ సమాచారం. దానిమీద మీకు అభ్యంతరం ఉండాల్సిన పనిలేదు.

అదే పథకం కిట్టు మీద ముఖ్యమంత్రి పేరో, బొమ్మో ఉంటే అది నాయకుడి ప్రచారం. ఇది మంచిదా కాదా అన్న వాదన ఎప్పటినుంచో ఉంది. చట్టం మాత్రం దీన్ని చాలావరకు అనుమతిస్తోంది.

పార్టీ జెండా, గుర్తు, కండువా, నినాదం బడిలోకి వస్తే అది పార్టీ ప్రచారం. మీ అభ్యంతరానికి బలం ఎక్కువగా ఉండేది ఇక్కడే.

పథకానికి నాయకుడి పేరు పెడితే తప్పా?

ఆంధ్రప్రదేశ్‌లో గత ఆరేళ్లలో బడి పథకాల పేర్లు ఎలా మారాయో మీరూ చూశారు. 2020 జనవరిలో 'జగనన్న అమ్మ ఒడి', అదే ఏడాది అక్టోబరు 8న 'జగనన్న విద్యా కానుక' మొదలయ్యాయి. మధ్యాహ్న భోజనం 'జగనన్న గోరుముద్ద' అయింది. ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌ల పంపిణీ 2022 డిసెంబరు 21న, అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి పుట్టినరోజున మొదలైంది.

2024లో ప్రభుత్వం మారింది. ఆ జులైలోనే విద్యాశాఖ మంత్రి నారా లోకేశ్ కొత్త పేర్లు ప్రకటించారు. అమ్మ ఒడి 'తల్లికి వందనం' అయింది. విద్యా కానుకకు సర్వేపల్లి రాధాకృష్ణన్ పేరు, మధ్యాహ్న భోజనానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. అధికారంలో ఉన్న నాయకుల పేర్లు తీసేసి పెద్దల పేర్లు పెట్టడం ఒక మార్పే. అయితే అది ప్రభుత్వం తీసుకున్న నిర్ణయం. రేపు వచ్చే ప్రభుత్వం మళ్లీ తన నాయకుడి పేరు పెడితే అడ్డుకునే చట్టం లేదు.

సుప్రీంకోర్టు కూడా దాదాపు ఇదే వైఖరి తీసుకుంది. ప్రభుత్వ ప్రకటనల్లో రాష్ట్రపతి, ప్రధాని, ప్రధాన న్యాయమూర్తి ఫొటోలు తప్ప వేరేవి ఉండకూడదని 2015 మేలో చెప్పింది. 2016 మార్చిలో ఆ తీర్పును సడలించి ముఖ్యమంత్రులు, గవర్నర్లు, మంత్రుల ఫొటోలకూ అనుమతి ఇచ్చింది. తమిళనాడులో 'ఉంగళుడన్ స్టాలిన్' పథకం పేరు మీద మద్రాసు హైకోర్టు ఆంక్షలు పెడితే, 2025 ఆగస్టు 6న సుప్రీంకోర్టు వాటిని కొట్టేసింది. కేసు వేసిన అన్నాడీఎంకే ఎంపీకి 10 లక్షల రూపాయల ఖర్చులు విధించింది. అన్ని పార్టీలూ చేస్తున్న పని మీద ఒక్క పార్టీనే ఎంచుకుని కోర్టుకు రావడాన్ని తప్పుపట్టింది.

దీన్నుంచి మీరు గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. బ్యాగు మీద ముఖ్యమంత్రి పేరు ఉంది అన్న ఒక్క కారణంతో కోర్టుకు వెళ్తే గెలిచే అవకాశం తక్కువ. అయితే ఫొటోకు అనుమతి ఉంది కదా అని పార్టీ గుర్తుకు, పార్టీ ప్రయోజనానికి ప్రజల డబ్బు వాడొచ్చని కోర్టు చెప్పలేదు.

పేర్ల మార్పుల ఖర్చు ఎవరిది?

మనదే. 2024 జూన్‌లో తెలంగాణ బడుల్లో పంచిన తెలుగు పాఠ్యపుస్తకాల ముందుమాటలో, అప్పటికే మాజీ అయిన కేసీఆర్ పేరు ముఖ్యమంత్రిగా అచ్చయి వచ్చింది. పుస్తకాలు వెనక్కి తీసుకుని, ఆ పేజీ కనపడకుండా అతికించి పిల్లలకు మళ్లీ ఇచ్చారు. పక్కనే ఉన్న తమిళనాడులో 2021లో ఇంకోలా జరిగింది. జయలలిత, పళనిస్వామి బొమ్మలతో సిద్ధమైన బ్యాగులను పారేయకుండా పిల్లలకు ఇచ్చేయమని ముఖ్యమంత్రి స్టాలిన్ చెప్పారు. అలా 13 కోట్ల రూపాయలు మిగిలాయని అక్కడి మంత్రి అసెంబ్లీలో తెలిపారు.

బడికి పార్టీ రంగులు వేస్తే?

ఇక్కడ మీ చేతిలో గట్టి తీర్పు ఉంది. గ్రామ పంచాయతీ భవనాలకు అధికార పార్టీ జెండా రంగులు వేయడం మీద ఒక పౌరుడు వేసిన కేసులో, 2020 మార్చి 10న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ రంగులు తీసేయాలని ఆదేశించింది. సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు. ప్రభుత్వం మరో రంగు కలిపి కొత్త జీవో 623 ఇచ్చింది. హైకోర్టు మేలో దాన్నీ కొట్టేసింది. జూన్ 3న సుప్రీంకోర్టు కూడా హైకోర్టు వైపే నిలిచి, రంగులు తీసేందుకు నాలుగు వారాల గడువు ఇచ్చింది.

ఆ కేసు పంచాయతీ భవనాలది. అందులోని సూత్రం మాత్రం బడికీ పనికొస్తుంది. ప్రజల డబ్బుతో కట్టిన భవనం ఏ పార్టీ సొత్తూ కాదు. ఏ పార్టీ అధికారంలో ఉన్నా ఇది వర్తిస్తుంది. మీ అర్జీలో ఈ తీర్పును ప్రస్తావించవచ్చు.

నాయకులు బడికి రాకూడదా?

రావచ్చు. మంత్రిగా, ఎమ్మెల్యేగా ప్రభుత్వ కార్యక్రమానికి రావడం తప్పు కాదు. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతా మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ జరిగినప్పుడు ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ కడప మున్సిపల్ హైస్కూల్‌కు వచ్చారు. అది ప్రభుత్వ హోదాలో వచ్చిన రాక. పార్టీ కండువాతో, పార్టీ కార్యకర్తలతో తరగతి గదిలోకి రావడం వేరు.

2025 ఆగస్టులో పాఠశాల విద్యాశాఖ డైరెక్టర్ ఇచ్చిన ఆదేశాలు ఈ గీతను స్పష్టంగా గీశాయి. పార్టీ గుర్తులు ధరించినవాళ్లను బడిలోకి రానివ్వకూడదు. తల్లిదండ్రులు, పాఠశాల యాజమాన్య కమిటీ సభ్యులు తప్ప బయటివాళ్లకు ప్రవేశం లేదు. ఎవరైనా నోట్‌బుక్కులో, బ్యాగులో ఇవ్వాలనుకుంటే హెడ్మాస్టర్‌కు అప్పగించాలి. పిల్లలకు నేరుగా పంచకూడదు. బడి సమస్యలు బయటపెట్టే తమను అడ్డుకోవడానికే ఈ ఆంక్షలని విద్యార్థి సంఘాలు విమర్శించాయి. మొదట్లో చెప్పుకున్న ఫొటో లాంటిది మీకు వస్తే, మీ అభ్యంతరానికి నేరుగా ఆధారం ఈ ఆదేశాలే.

ఎన్నికల సమయంలో నిబంధనలు ఇంకా కఠినం. పోస్టర్లు పంచడానికీ, నినాదాలు ఇవ్వడానికీ, ర్యాలీల్లో నడవడానికీ పిల్లలను వాడకూడదని ఎన్నికల సంఘం 2024 ఫిబ్రవరిలో పార్టీలను హెచ్చరించింది. కోడ్ అమల్లో ఉన్నప్పుడు సీ-విజిల్ యాప్‌లో ఫొటోనో వీడియోనో పెడితే 100 నిమిషాల్లో చర్య తీసుకోవాలన్నది లక్ష్యం.

టీచర్ పాఠంలో రాజకీయాలు మాట్లాడితే?

తొందరపడకండి. పౌరశాస్త్రంలో పార్టీలు, ఎన్నికలు, ప్రభుత్వ విధానాల మీద చర్చ ఉండాల్సిందే. రెండు వైపులా వాదనలు చెప్పి పిల్లలను ఆలోచించమంటే అది పాఠం. 'మీ ఇంట్లో ఫలానా పార్టీకి ఓటేయమని చెప్పండి' అంటే అది ప్రచారం. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వోద్యోగుల ప్రవర్తన నియమాలు, 1964 ప్రకారం ఉద్యోగులు రాజకీయాల్లో పాల్గొనకూడదు, ప్రచారం చేయకూడదు.

ఇంగ్లండ్‌లో బడి పాఠాల్లో ఒక పార్టీ అభిప్రాయాలను ప్రోత్సహించడాన్ని నిషేధిస్తూ 1996 విద్యా చట్టంలో సెక్షన్ ఉంది. మన దగ్గర అలాంటి ప్రత్యేక సెక్షన్ లేదు. అందుకే ప్రవర్తన నియమాలు, శాఖ ఆదేశాలు, విద్యాహక్కు చట్టం కలిపి వాడుకోవాలి.

విద్యాహక్కు చట్టం ఎలా పనికొస్తుంది?

2009 నాటి ఈ చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు వర్తిస్తుంది. అందులో మీకు పనికొచ్చేవి ఇవి.

పని దినాలు: ఒకటి నుంచి అయిదో తరగతి వరకు ఏడాదికి 200, ఆరు నుంచి ఎనిమిది వరకు 220 రోజులు ఉండాలి. సభ కోసం పిల్లలను తీసుకెళ్తే పోయేది ఈ చదువే.

సెక్షన్ 27: జనగణన, విపత్తు సహాయం, ఎన్నికల విధులు తప్ప చదువుకు సంబంధం లేని పనులకు టీచర్లను వాడకూడదు.

సెక్షన్ 21: యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి. సభ్యుల్లో సగం మంది మహిళలు ఉండాలి.

సెక్షన్ 17: పిల్లలను కొట్టకూడదు, మానసికంగా వేధించకూడదు.

సెక్షన్ 32: రాతపూర్వక ఫిర్యాదు మీద స్థానిక సంస్థ మూడు నెలల్లో తేల్చాలి. తృప్తి కలగకపోతే రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు అప్పీలు చేయొచ్చు.

ఇక, పిల్లాడు నినాదం ఇవ్వనంటే? జాతీయ గీతం పాడకుండా మర్యాదగా నిలబడిన కేరళ పిల్లలను బడి నుంచి తీసేసిన కేసులో, వాళ్లను తిరిగి చేర్చుకోవాలని సుప్రీంకోర్టు 1986లో ఆదేశించింది. జాతీయ గీతం విషయంలోనే బలవంతం కూడదంటే, పార్టీ నినాదం ఇవ్వమని ఏ పిల్లాడినీ ఎవరూ ఒత్తిడి చేయలేరు.

ఎవరికి, ఏ వరసలో చెప్పాలి?

1. ముందు హెడ్మాస్టర్‌ను కలవండి. చాలాసార్లు ఆయన మీదా ఒత్తిడి ఉంటుంది. తల్లిదండ్రుల రాతపూర్వక అభ్యంతరం ఉంటే, తర్వాత వచ్చేవాళ్లకు 'కుదరదు' అని చెప్పడానికి ఆయనకూ ఆధారం దొరుకుతుంది.

2. యాజమాన్య కమిటీ సమావేశంలో లేవనెత్తండి. మీ మాట తీర్మానాల పుస్తకంలో రాయమనండి.

3. ఫలితం లేకపోతే మండల విద్యాధికారికి, ఆ తర్వాత కడపలోని జిల్లా విద్యాధికారికి రాయండి. రసీదు తీసుకోవడం మరవకండి.

4. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వండి. అర్జీ ఎక్కడుందో 1100 నంబరుకు ఫోన్ చేసి తెలుసుకోవచ్చు.

5. కార్యక్రమానికి ఎవరు అనుమతి ఇచ్చారో సమాచార హక్కు కింద అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. రుసుము మండల స్థాయిలో 5 రూపాయలు, జిల్లా స్థాయిలో 10 రూపాయలు. గ్రామ స్థాయిలో లేదు.

అర్జీ ఎలా రాయాలి?

పార్టీని తిట్టకండి. జరిగింది మాత్రమే రాయండి. ఇలా రాస్తే సరిపోతుంది:

'ఫలానా తేదీన, ఫలానా సమయంలో బడి ఆవరణలో పార్టీ కండువాలతో వచ్చినవారు పిల్లలకు వస్తువులు పంచారు. రెండు పీరియడ్లు జరగలేదు. మా అనుమతి లేకుండా పిల్లలకు ప్లకార్డులు ఇచ్చి ఫొటోలు తీశారు. ఇది పాఠశాల విద్యాశాఖ 2025 ఆగస్టు ఆదేశాలకు విరుద్ధం. ఏ పార్టీ అయినా ఇకముందు ఇలా జరగకుండా చూడాలని, తీసుకున్న చర్య మాకు రాతపూర్వకంగా తెలపాలని కోరుతున్నాం.'

'ఏ పార్టీ అయినా' అన్న మాట తప్పకుండా ఉండాలి. మిమ్మల్ని ఒక పార్టీ మనిషిగా కొట్టిపారేయకుండా అది కాపాడుతుంది. వీలైతే వేర్వేరు పార్టీలను ఇష్టపడే నలుగురైదుగురు తల్లిదండ్రులు కలిసి సంతకం చేయండి. ఫొటో జతచేయండి కానీ పిల్లల ముఖాలు కనపడేలా ఫేస్‌బుక్‌లో మాత్రం పెట్టకండి.

అడిగితే పథకం డబ్బులు ఆగుతాయా?

ఆపడానికి వీల్లేదు. తల్లికి వందనం లాంటి పథకాలకు అర్హత హాజరు, కుటుంబ ఆదాయం లాంటి వాటిని బట్టి ఉంటుంది. తల్లిదండ్రుల అభిప్రాయం ఆ జాబితాలో లేదు. అర్జీ పెట్టాక డబ్బు ఆగిందనిపిస్తే కారణం రాతపూర్వకంగా అడగండి. పిల్లాడిని తరగతిలో దెప్పితే సెక్షన్ 17 కింద అది వేరే ఫిర్యాదు. పిల్లలకు ఇబ్బంది ఉంటే 1098కి ఫోన్ చేయొచ్చు.

కిట్టు మీద ఎవరి పేరు ఉన్నా, దాని ఖరీదు మీరు కట్టిన పన్నుల్లోంచే వచ్చింది. అది తీసుకున్నందుకు మీ బిడ్డ ఎవరి ప్లకార్డూ పట్టుకోనక్కర్లేదు. మీకు నచ్చిన పార్టీ వాళ్లు వచ్చినప్పుడు కూడా ఇదే మాట అనగలిగితే, ఊళ్లో మీ అభ్యంతరానికి విలువ ఉంటుంది.