అనేక ప్రణాళికలు – ఒక్క కాలపట్టిక

నిజామాబాదు నుండి బోధను పోవు త్రోవలో జానకంపేట దాటిన పిమ్మట కాలువలును, పచ్చని మడులును కనుపించును. ఆ కాలువలలోని నీరు మంజీర నదిది. అచ్చంపేట, బంజేపల్లి గ్రామముల నడుమ ఆ నదికి అడ్డముగా 1923వ సంవత్సరమున ఆనకట్ట పని మొదలై 1931లో ముగిసెను. నవాబు అలీ నవాజ్ జంగ్ బహద్దరు గారు దాని నిర్మాణమును నడిపిన ఇంజనీరు. అదియే నిజాంసాగరము. తరువాత 1937లో బోధనున నిజాం షుగర్ ఫ్యాక్టరీ నెలకొల్పబడెను. దాని చుట్టును వెలసిన పేటకు శక్కర్‌నగర్ అని పేరు వచ్చెను.

చదువరులారా, ఈ వరుసను గమనింపుడు. మొదట నీరు, పిదప చెఱకు, ఆ పిదప గానుగ. ఈ వరుస తలక్రిందులైనచో నేమగును? నీరు రాకమున్నే గానుగ వచ్చినచో యంత్రములకు మేత యుండదు. గానుగ లేకయే చెఱకు పండినచో రైతునకు గిరాకి యుండదు. పనులు వేఱు, వానిని నడుపు వారు వేఱు, ఫలము మాత్ర మొక్కటియే. ఇట్టి వేఱువేఱు పనుల ప్రణాళికలను ఒక్క చోట కూర్చి నడుపు విద్యను గూర్చి యీ వ్యాసమున నాకు తెలిసినంత వివరింపనెంచితిని. ఈ పాఠశాలలోనే అక్షరములు నేర్చి, ఇప్పుడు నిర్మాణపు పనులకు కాలపట్టికలు వ్రాయు కొలువులో నుండుటచే ఈ పాటి సాహసము చేయుచున్నాను.

ముందుగా ప్రణాళిక యననేమో చూతము. ఒక పనిని చిన్నచిన్న పనులుగా విభజించి, ఏ పనికెన్ని దినములు పట్టునో, ఏది ముగిసిన పిమ్మట ఏది మొదలు కావలెనో, ఎవరు చేయవలెనో వ్రాసికొన్న పట్టికయే ప్రణాళిక. అమెరికా దేశస్థుడగు హెన్రీ గాంట్ గారు 1910 తరువాతి సంవత్సరములలో పనులను అడ్డగీతలుగా చూపు పట్టికను ప్రచారములోనికి తెచ్చిరి. 1957లో డ్యూపాంట్, రెమింగ్టన్ ర్యాండ్ అను సంస్థలవారు కంప్యూటరు సాయమున కీలకమార్గ పద్ధతిని రూపొందించిరి. 1958లో అమెరికా నౌకాదళమువారు పొలారిస్ క్షిపణి పనికై పెర్ట్ అను పద్ధతిని కల్పించిరి. నేడు మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్, ప్రైమవేరా మొదలగు సాఫ్ట్‌వేరులు ఈ లెక్కలన్నియు క్షణములో చేయుచున్నవి. ఒక పెద్ద సంస్థలోని ప్రణాళికలనన్నింటిని ఒక్క సర్వరులో నుంచి, అందఱును దానినే చూచుకొనునట్లు చేయుటకు ఎంటర్‌ప్రైజ్ ప్రాజెక్టు మేనేజ్‌మెంటు అని పేరు.

ఇందులో చిన్న ప్రణాళికలను సబ్‌ప్రాజెక్టులనియు, వానిని కూర్చిన పెద్దదానిని మాస్టర్ ప్రాజెక్టనియు పిలుతురు. కూర్చుట రెండు విధములు. చిన్న ప్రణాళికకు నకలు తీసి పెద్దదానిలో అతికించుట యొకటి. చిన్నదానిని దాని చోటనే యుండనిచ్చి, పెద్దదాని నుండి దానికి లంకె వేయుట రెండవది. నకలు ఛాయాచిత్రము వంటిది. తీసిన దినమున ఎట్లున్నదో ఎల్లప్పుడు నట్లే యుండును. లంకె కిటికీ వంటిది. అవతల జరుగు మార్పు ఇవతల కనబడును. మాస్టర్ ప్రాజెక్టుకు ప్రాణము ఈ లంకెయే.

ఈ భేదము నాకు పుస్తకము వలన గాక నా పొరపాటు వలన తెలిసినది. కొన్ని యేండ్ల క్రిందట ఒక పల్లెలో కాలువ మీద చిన్న వంతెన, దాని కావల నీటి గొట్టముల పని ఏకకాలమున జరుగుచుండెను. రెండు పనులకు ఇద్దఱు అధికారులు, రెండు ప్రణాళికలు. వానిని కూర్చు బాధ్యత నాది. నేను తొందరపడి వంతెన పట్టికకు నకలు తీసి నా పెద్ద పట్టికలో చేర్చితిని. తరువాత వంతెన పని పండ్రెండు దినములు వెనుకబడెను. ఆ అధికారి తన పట్టికలో తేదీ మార్చెను. నా పట్టికకు ఆ సంగతి తెలియలేదు. చెప్పిన దినమునకే గొట్టముల లారీలు వచ్చెను. వంతెన లేదు. లారీలు నిలుచుటకు చోటు లేక అప్పుడే నాటు వేసిన యొక మడిలోనికి దిగెను. ఆ మడిగల ముసలి రైతు నన్ను చూచి కోపపడలేదు. “తారీఖు మీ కాగితంల ఉన్నది బిడ్డా, నా మడిల తొవ్వ ఏది?” అని మాత్రమడిగెను. నష్టపరిహారము చెల్లింపబడినది గాని ఆ కారు పంట అతనికి తిరిగి రాలేదు. నాటి నుండి నేను నకలు తీసి కూర్చుట మానితిని.

ఇక లంకెలు పనిచేయు విధమును చూతము. శక్కర్‌నగర్ గానుగ ఆడిన దినములను తలచికొని యొక లెక్క వేయుదము. అంకెలు మాత్రము పాఠము కొఱకు నేను కల్పించినవి. మూడు ప్రణాళికలున్నవనుకొందము. మొదటిది గానుగ యంత్రముల మరమ్మతు: సెప్టెంబరు 1న మొదలు, 60 దినములు, అక్టోబరు 30న ముగింపు. రెండవది చెఱకు బండ్లు వచ్చు త్రోవలో కాలువ మీది వంతెన మరమ్మతు: 45 దినములు. మూడవది కాలువకు నీరు కట్టివేయుట: అది అక్టోబరు 15న. నీరు కట్టివేసిన మఱునాడు గాని వంతెన పని మొదలు కారాదు. కావున వంతెన అక్టోబరు 16న మొదలై నవంబరు 29న ముగియును. గానుగ ఆడుట నవంబరు 30న గాని సాధ్యము కాదు.

మూడు పట్టికలను విడివిడిగా చూచినవానికి ఈ సంగతి తెలియదు. గానుగ అధికారి తన మరమ్మతు త్వరపెట్టుటకు రాత్రిపని కూలి యిచ్చుచుండవచ్చును. కాని ఆ పనికి ఇంకను 30 దినముల వెసులుబాటు కలదు. ఆ సొమ్ము వ్యర్థము. సొమ్ము పెట్టవలసినది వంతెన మీద. ఆలస్యమైనచో మొత్తమును ఆలస్యము చేయు పనుల వరుసనే క్రిటికల్ పాత్, అనగా కీలకమార్గము, అందురు. మైక్రోసాఫ్ట్ ప్రాజెక్టులో చేర్చిన ప్రణాళికలన్నింటికి కలిపి ఒక్క కీలకమార్గమును చూపుమనవచ్చును, లేదా దేనిదానికి వేఱుగా చూపుమనవచ్చును. ఏది కోరితిమో తెలియకయే ఎఱ్ఱగీతలను చూచి నమ్మువారు పలువురు. ముందు ఆ నిర్ణయమును సరిచూచుకొనవలెను.

ఒక ప్రణాళికలోని పని మఱియొక ప్రణాళికలోని పనికి ముడిపడినపుడు ఆ వెలుపలి పని ఇక్కడ లేతరంగు అక్షరములతో అతిథి వలె కనబడును. అతిథిని చూడవచ్చును గాని అతని తేదీని మనము మార్చరాదు. ముడులు కొద్దిగా నుండుటయే మేలు. ప్రతి చిన్న పనికిని ముడి వేసినచో ‘ఇది దానికొఱకు, అది దీనికొఱకు’ కాచుకొను చక్రము ఏర్పడును. అపుడు లెక్క ముందునకు సాగదు.

తరువాతిది ఉమ్మడి చేతుల సంగతి. మన పాఠశాలనే తీసికొనుడు. వార్షికోత్సవమునకు రంగస్థలము, వసతిగృహమునకు తలుపులు, పరీక్షలకు బల్లలు కావలెను. మూడు పట్టికలలోను ‘వడ్రంగి’ అని వ్రాసియుండును. ఏ పట్టికకా పట్టిక సరియే. కాని వడ్రంగి యొక్కడే. దీనికి సాఫ్ట్‌వేరులో రిసోర్సు పూల్ అను ఉమ్మడి జాబితా గలదు. అందఱును ఆ జాబితా నుండియే మనుష్యులను తీసికొనవలెను. లేనిచో ఒక్క మనిషి ముగ్గురుగా లెక్కింపబడును. ఒకనిపై పని మిక్కుటమైనపుడు ఏ ప్రణాళిక ఆగవలెనో తెలుపుటకు ప్రతిదానికి 0 నుండి 1000 వఱకు ప్రాధాన్యపు అంకె నీయవచ్చును; ఏమియు చెప్పనిచో అది 500గా నుండును. అందఱును తమ పనికి 1000 వేసికొన్నచో ఆ అంకెకు అర్థమే లేదు. అది పెద్దలు కూర్చుండి నిర్ణయింపవలసిన విషయము, యంత్రము నిర్ణయించునది కాదు.

ఇక పట్టిక ఎవరి చేతిలో నున్నదను ప్రశ్న. గ్రంథాలయములో ఒక విద్యార్థి పుస్తకమును తన పేర వ్రాయించుకొని తీసికొనిపోయినచో అది తిరిగి వచ్చువఱకు ఇతరులకు దొరకదు. సర్వరులోని ప్రణాళికయు నట్టిదే. దిద్దుటకు తెఱచినవాని పేర అది చెక్ అవుట్ అగును. ఇతరులు చదువవచ్చును గాని దిద్దరాదు. పని ముగించి చెక్ ఇన్ చేయుట అతని ధర్మము. మాస్టర్ ప్రాజెక్టును తెఱచి అందులోని చిన్నవానినన్నింటిని దిద్దుటకై పట్టుకొని ఇంటికి పోయిన అధికారి, పది మంది చేతులు కట్టివేసినవాడగును. కావున పెద్ద పట్టికను చదువుటకే తెఱచి, దిద్దుబాట్లను ఆ యా చిన్న పట్టికల యజమానులే చేయుట ఉత్తమము. మఱియు దాచుట వేఱు, పబ్లిష్ చేయుట వేఱు. దాచిన మార్పు చిత్తుప్రతిలో నుండును. పబ్లిష్ చేసిన పిమ్మటనే తక్కినవారికి తెలియును. చిత్తుప్రతిలో తేదీ మార్చి ‘నేను చెప్పితిని గదా’ అనుట న్యాయము కాదు.

రెండు హెచ్చరికలు మిగిలినవి. ఒకే చిన్న ప్రణాళికను రెండు పెద్ద ప్రణాళికలలో చేర్చి, ఆ రెండింటి మొత్తములను కూడినచో గంటలును ఖర్చును రెండుమార్లు లెక్కకు వచ్చును. పని మొదలు పెట్టుటకు ముందు అంగీకరించిన తేదీలను బేస్‌లైనుగా భద్రపఱచనిచో ఎంత వెనుకబడితిమో కొలుచుటకు కొలబద్ద యుండదు.

ఇంతవఱకు యంత్రపు సంగతి చెప్పితిని. యంత్రము చేయలేనిది చెప్పి ముగింతును. కోసిన చెఱకులో చక్కెర గంటగంటకు తఱుగును. ఇరువదినాలుగు గంటలలో గానుగ చేర్చుట మంచిదని పెద్దలందురు. కావున చెఱకు రైతు ఏడాది ముందే గానుగను నమ్మి మొక్క నాటును. అతని ప్రణాళికకు లంకె అవతలివాని మాటలో నున్నది. 2015 డిసెంబరులో శక్కర్‌నగర్ గానుగ ఆగినది. కాలువ యున్నది, నేల యున్నది, రుద్రూరులో చెఱకు, వరి పరిశోధనా కేంద్రమున్నది. నడుమ నొక్క ముడి తెగినది. అట్లే మంజీర ఎగువన సింగూరు ఆనకట్ట వచ్చిన పిమ్మట, అచట నిలుపు నీరు దిగువన నిజాంసాగరపు లెక్కలోనికి రాక తప్పదు. ఒకచోటి నిర్ణయము మఱియొకచోటి బ్రదుకును తాకును. మాస్టర్ ప్రాజెక్టు ఆ ముడి ఎక్కడ నున్నదో చూపగలదు. దానిని నిలుపవలసినవారు మనుష్యులే.

విద్యార్థులారా, మీరు ఇంజనీరులైనను, రైతులైనను, గుమాస్తాలైనను ఏదో యొక ప్రణాళికలో భాగస్థులగుదురు. మీ తేదీ మారినపుడు, అది ఎవరికి ముడిపడియున్నదో యొక్క నిమిషమాలోచించి, వారికి ఆ దినముననే తెలుపుడు. ఈ యొక్క యలవాటు లేనిచో ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేరును నిష్ఫలము. ఆ ముసలి రైతు అడిగిన ప్రశ్నకు నేనింకను ఉత్తరము బాకీ పడియున్నాను. మీలో ఎవ్వరును అట్టి ప్రశ్న వినవలసి రాకుండుగాక.