సముద్రంలో కలిపిన రోకలి

ముసలం అంటే రోకలి. అయినా వడ్లు దంచడానికి ముసలం తెమ్మని తెలుగునాట ఎవరూ అడగరు. ఒక పార్టీలో వర్గాలు కుమ్ములాడుకుంటుంటే ముసలం పుట్టిందంటారు. పంపకాల దగ్గర అన్నదమ్ములు మాటామాటా అనుకుంటే ఆ ఇంట్లో ముసలం పుట్టిందని ఊరు చెప్పుకుంటుంది. ఈ మాట మహాభారతంలోని పదహారో పర్వం నుంచి వచ్చింది. దాని పేరే మౌసలపర్వం. చాలా చిన్న పర్వం. ముంచుకొచ్చే చావు ముందే తెలిసి, దాన్ని తప్పించుకోవడానికి చేతనైనదంతా చేసి, చేసిన ఆ పనితోనే నశించిన వంశం కథ అందులో ఉంది. గ్రీకు విషాద నాటకాలు ప్రపంచమంతటా పేరుపడింది ఇలాంటి కథలతోనే.

ద్వారకకు విశ్వామిత్రుడు, కణ్వుడు, నారదుడు వచ్చారు. యాదవ కుర్రాళ్లకు ఆకతాయితనం పుట్టింది. కృష్ణుడి కొడుకు సాంబుడికి ఆడవేషం వేసి, మునుల ముందు నిలబెట్టి, ఈమెకు ఏం పుడుతుందో చెప్పమన్నారు. మునులకు కోపం వచ్చింది. ఇనుప రోకలి పుడుతుందని, దానితో బలరామకృష్ణులు తప్ప వంశమంతా నశిస్తుందని శపించారు. మర్నాడే సాంబుడు రోకలిని కన్నాడు. రాజు భయపడి దాన్ని పొడి చేయించి సముద్రంలో కలిపించాడు. భాగవతంలో ఈ ఘట్టానికి మరో ముక్క ఉంది. అరగదీయగా అరగదీయగా కొస ఒకటి మిగిలింది. ఆ చిన్న ఇనుప ముక్కనూ నీళ్లలోకే విసిరారు. దాన్ని ఒక చేప మింగింది. ఆ చేప జాలరుల వలలో పడింది. కడుపులోంచి బయటపడిన ఇనుము వేటగాడి చేతికి చేరి బాణపు ములికి అయింది. పొడి మాత్రం అలలతో ఒడ్డుకు కొట్టుకొచ్చి ప్రభాస తీరంలో గడ్డిగా మొలిచింది. సంస్కృతంలో దాన్ని ఏరక అన్నారు. జమ్ములాంటి నీటిగడ్డి అది. తెలుగులో చెప్పుకునేటప్పుడు చాలామంది తుంగ అనేస్తారు.

ఈ కథను తెలుగు చేసినవాడు నెల్లూరు కవి. 13వ శతాబ్దంలో మనుమసిద్ధి కొలువులో మంత్రిగా ఉన్న తిక్కన సోమయాజి విరాటపర్వం మొదలు స్వర్గారోహణపర్వం దాకా 15 పర్వాలు తెనిగించి హరిహరనాథుడికి అంకితమిచ్చాడు. కొడుకులందరినీ పోగొట్టుకున్న గాంధారి యుద్ధభూమిలో, నీ వంశమూ ఇలాగే నశిస్తుందని కృష్ణుణ్ణి శపించిన స్త్రీపర్వం ఆయనదే. ఆ శాపం ముప్పై ఆరేళ్లకు పండిన మౌసలపర్వమూ ఆయనదే. విత్తూ పంటా ఒకే కవి చేతి మీదుగా తెలుగులోకి వచ్చాయి.

ఆ నెల్లూరుకు దక్షిణంగా, గూడూరు పక్కన చిల్లకూరు ఉంది. మండలం తూర్పు అంచు బంగాళాఖాతమే. ఇసుక నేలలు, ఉప్పుటేళ్లు, నీళ్లు నిలిచిన చోట దట్టంగా లేచే జమ్ము. ఇలాంటి తీరంలో పెరిగినవాళ్లకు యాదవుల పొరపాటు విడమరిచి చెప్పనక్కర్లేదు. సముద్రంలో పడేసింది సముద్రంలో ఉండిపోదు. కర్ర దుంగ, తెగిన వల, పగిలిన పడవ చెక్క, ఏదైనా సరే పోటుకో తుపానుకో ఏదో ఒక ఒడ్డుకు చేరుతుంది. ద్వారక రాజు మాత్రం సముద్రాన్ని అడుగులేని గొయ్యి అనుకున్నాడు.

ఉలిక్కిపడి వేసిన అడుగు

గ్రీకుల కథ కొండ మీద మొదలవుతుంది. థీబ్స్ రాజు లేయస్‌కు డెల్ఫీలోని అపోలో ఆలయం నుంచి ఒక దైవవాక్కు వచ్చింది. పుట్టబోయే కొడుకు చేతిలోనే అతని చావు అని. కొడుకు పుట్టగానే చీలమండలకు తూట్లు పొడిపించి, కొండ మీద వదిలి రమ్మని పసివాణ్ణి గొర్రెల కాపరికి ఇప్పించాడు. కాపరికి చేతులు రాలేదు. పొరుగు రాజ్యం కాపరికి బిడ్డను అప్పగించాడు. అలా ఆ బిడ్డ కోరింత్ చేరి, పిల్లలు లేని రాజదంపతుల ఇంట పెరిగాడు. కాళ్లు వాచి ఉండటంతో ఈడిపస్ అన్నారు. వాచిన పాదాలవాడు అని ఆ పేరుకు అర్థం. సోఫోక్లిస్ ఈ కథతో క్రీ.పూ. 5వ శతాబ్దంలో ఏథెన్స్‌లో ప్రదర్శించిన నాటకం నేటికీ ఆడుతూనే ఉంది.

ఈడిపస్ చెడ్డవాడు కాదు. తండ్రిని చంపి తల్లిని పెళ్లాడతావని డెల్ఫీలో విన్నాడు. విన్నవాడు మళ్లీ కోరింత్ ముఖం చూడలేదు. తను అమ్మా నాన్నా అనుకుంటున్నవాళ్లకు కీడు జరగకూడదని ఇల్లు, రాజ్యం వదిలేసి ఎదురుదారి పట్టాడు. మూడు బాటలు కలిసేచోట ఒక ముసలాయన బండితో తగాదా వచ్చింది. ఆ కోపంలో ఆయన్ను చంపేశాడు. చంపింది లేయస్‌ను. థీబ్స్‌ను పీడిస్తున్న స్ఫింక్స్ అనే రాక్షసి పొడుపుకథ విప్పి ఊరిని కాపాడాడు. బహుమతిగా సింహాసనంతో పాటు విధవ రాణి జొకాస్టా చెయ్యి దక్కింది. ఆమె కన్నతల్లి. అతను కోరింత్‌లోనే ఉండిపోయి ఉంటే ఆ బాటల కూడలిలో తండ్రి ఎదురయ్యేవాడే కాదు. భయపడి వేసిన ప్రతి అడుగూ అతణ్ణి థీబ్స్ వైపే నడిపించింది.

నాటకంలో అన్నిటికన్నా బాధపెట్టే ఘట్టం ఒక వార్తాహరుడిది. కోరింత్ రాజు చనిపోయాడని ఆ ముసలివాడు కబురు తెస్తాడు. ఈడిపస్ ఊపిరి పీల్చుకుంటాడు. తండ్రిని చంపుతాడన్న మాట తప్పిపోయింది కదా. తల్లి గురించిన దిగులు మాత్రం మిగిలింది. ఆ దిగులు కూడా తీర్చేద్దామని వార్తాహరుడు మంచి మనసుతో అసలు సంగతి చెబుతాడు. నువ్వు వాళ్ల బిడ్డవే కావు, కొండ మీద కాపరి దగ్గర నిన్ను అందుకున్నది నేనే అని. పక్కనే ఉన్న జొకాస్టాకు అంతా అర్థమైపోతుంది. అరిస్టాటిల్ కథ మలుపు తిరగడం ఎలా ఉండాలో వివరించడానికి ఎంచుకున్నది ఈ ఘట్టాన్నే. ఇక్కడ ధైర్యం చెప్పడానికి అన్న మాటే కొంప ముంచింది.

నాటకకారులే కాదు, గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ కూడా ఇలాంటి సంగతి ఒకటి రాశాడు. లిడియా రాజు క్రీసస్‌కు కొడుకు ఏటిస్ ఇనుప ఈటె మొన తగిలి చనిపోతాడని కల వచ్చింది. రాజు కొడుకును యుద్ధాలకు పంపడం మానేశాడు. గోడలకు వేలాడే ఈటెలు మీద పడతాయేమోనని వాటినీ లోపలి గదుల్లో వేయించాడు. ఇంతలో ఒక అడవిపంది పొలాలను పాడుచేస్తోందని వేటకు మనుషులు కావాలని కబురొచ్చింది. పందికి చేతులున్నాయా, ఇనుప ఈటె పట్టుకుంటుందా అని ఏటిస్ తండ్రిని అడిగాడు. మాట న్యాయంగానే ఉంది. కొడుక్కి కాపలాగా అడ్రాస్టస్‌ను తోడు పంపాడు రాజు. అంతకుముందు చెయ్యిజారి తన సోదరుణ్ణే చంపుకుని, దిక్కులేక వస్తే క్రీసస్ ఆదరించిన మనిషి అతను. అతను పంది మీదకు విసిరిన ఈటె గురి తప్పి ఏటిస్‌కు తగిలింది. అడ్రాస్టస్ తర్వాత ఏటిస్ సమాధి మీదే ప్రాణం తీసుకున్నాడు.

ఈటెలను గదిలో దాచిన క్రీసస్‌కూ, రోకలిని అరగదీయించిన ద్వారక రాజుకూ పెద్ద తేడా లేదు. ఇద్దరూ చావును ఇనుములో వెతికారు.

తుంగ దుబ్బులో పాత పగ

ద్వారకలో రోకలి పొడి చేయించడంతో జాగ్రత్తలు ఆగలేదు. ఊళ్లో కల్లూ సారాయీ ఎవరూ కాయకూడదని దండోరా వేయించారు. కాస్తే బంధువులతో సహా శూలానికి ఎక్కిస్తామన్నారు. అయినా శకునాలు చెడుతూనే వచ్చాయి. కాలపురుషుడు నున్నటి గుండుతో, నల్లటి ఒంటితో ఇంటింటా తొంగిచూస్తూ తిరిగాడని మౌసలపర్వం చెబుతుంది. గ్రహణాలను, తిథుల తీరును చూసి కృష్ణుడు కురుక్షేత్రం నాటి లెక్క గుర్తుచేసుకున్నాడు. ముప్పై ఆరో ఏడు వచ్చింది. గాంధారి మాట నెరవేరే వేళ అది. అందరినీ సముద్ర తీరానికి తీర్థయాత్రకు బయల్దేరమన్నాడు. యాదవులు మాంసం, మద్యం బళ్లకెత్తుకుని ప్రభాసానికి చేరారు. రోకలి పొడి గడ్డిగా లేచిన ఒడ్డు అదే.

తాగిన మైకంలో సాత్యకి అనే యాదవ వీరుడు తోటి యాదవుడు కృతవర్మను ఎత్తిపొడిచాడు. రాత్రిపూట నిద్రపోతున్నవాళ్లను చంపినవాళ్లలో నువ్వూ ఒకడివి అని. కృతవర్మ ఊరుకోలేదు. చెయ్యి తెగి ఆయుధం వదిలేసి కూర్చున్న భూరిశ్రవుణ్ణి నరికింది నువ్వు కాదా అన్నాడు. రెండూ నిజాలే. రెండూ కురుక్షేత్రంలోనివే. మూడున్నర దశాబ్దాలు ఇద్దరూ ఒకే ఊళ్లో, ఒకే కులంలో కలిసి మెలిసి తిరిగారు. ఒక్కరూ మర్చిపోలేదు. సాత్యకి కత్తి దూసి కృతవర్మ తల నరికాడు. యాదవుల్లోనే భోజులు, అంధకులు సాత్యకి మీద పడ్డారు. అడ్డుకోబోయిన కృష్ణుడి కొడుకు ప్రద్యుమ్నుడూ కూలాడు. అది చూసిన కృష్ణుడు పక్కనున్న గడ్డి పిడికెడు పీకితే అది ఇనుప రోకలి అయింది. ఇక ఎవరి చేతికందిన గడ్డి వారికి రోకలి. తండ్రి కొడుకును, కొడుకు తండ్రిని కొట్టుకుని పడిపోయారు.

చాప నేసే తుంగలాంటి, చేత్తో పీకితే వచ్చే గడ్డి ఇనుము కావడాన్ని కేవలం మాయగా తీసుకుంటే కథలో సగం జారిపోతుంది. యాదవులు ఇనుమును అరగదీశారు. పగను అరగదీయలేదు. ఆ పగకు ఆయుధమే కావాలని లేదు, గడ్డిపరక చాలు. తెలుగువాడు ఈ కథ నుంచి ఏరుకున్న మాటను చూస్తే, ఆ సంగతి జనానికి ఎప్పుడో తెలుసనిపిస్తుంది. ముసలం అనే పదంలో వాళ్లకు ఇనుమూ కనిపించలేదు, మునుల శాపమూ కనిపించలేదు. లోపలివాళ్లు లోపలివాళ్లతో కొట్టుకోవడం కనిపించింది.

గ్రీకు కథకూ దీనికీ అసలు తేడా ఇక్కడే ఉంది. లేయస్‌కు ఆ దైవవాక్కు ఎందుకు వచ్చిందో సోఫోక్లిస్ నాటకం చెప్పదు. ఈడిపస్ ఏ తప్పుకు ఆ రాత మోశాడో అందులో ఎవరూ చెప్పరు. భారతంలో అలా వదిలేయరు. శాపానికి వెనుక ఒక తల్లి కడుపుకోత ఉంటుంది, దాని వెనుక ఆపగలిగీ ఆపని యుద్ధం ఉంటుంది. ఇంకో తేడా, రాబోయేది కృష్ణుడికి తెలుసు. తెలిసీ ఆయన శాపాన్ని తిప్పికొట్టలేదు. చివరకు ఒంటరిగా నేల మీద పడుకుని యోగంలో ఉండగా, జింక అనుకుని జరుడనే వేటగాడు వేసిన బాణం ఆయన అరికాలికి తగిలింది. ఈడిపస్ కథ గుచ్చిన పాదాలతో మొదలైతే, కృష్ణుడి కథ గుచ్చుకున్న పాదంతో ముగిసింది. దగ్గరకొచ్చి చూసి భయంతో కాళ్ల మీద పడిన జరుణ్ణి ఆయన ఓదార్చి పంపాడు.

ఒంటిస్తంభం మేడ

ఈ తరహా కథల్లో తెలుగువాళ్లకు బాగా తెలిసింది పరీక్షిత్తు మహారాజు కథ. శమీకుడనే ముని మెడలో చచ్చిన పాము వేసినందుకు, ఏడు రోజుల్లో తక్షకుడనే పాము కాటుకు చస్తావని ముని కొడుకు శృంగి శపించాడు. భారతంలోని పరీక్షిత్తు ఒంటిస్తంభం మేడ కట్టించుకుని, చుట్టూ వైద్యులను, మంత్రగాళ్లను పెట్టుకున్నాడు. విషం విరవగల కాశ్యపుడనే బ్రాహ్మణుడు రాజు దగ్గరకు బయల్దేరితే, తక్షకుడు దారిలో ధనమిచ్చి తిప్పి పంపాడు. ఏడో రోజు సాయంత్రం మునుల వేషంలో వచ్చిన పాములు పళ్లు ఇచ్చిపోయాయి. ఒక పండులో చిన్న పురుగు. పొద్దు కుంకుతోంది, ఇక భయం లేదు. ముని మాట అబద్ధం కాకూడదు, ఈ పురుగే కుట్టనీ అని రాజు నవ్వుతూ దాన్ని తీసి తన మెడ మీద పెట్టుకున్నాడు. గడియలు లెక్కపెట్టుకుంటూ ఏడు రోజులు కాపాడుకున్న మెడ అది.

భాగవతంలోని పరీక్షిత్తు ఇలా చేయడు. శాపం సంగతి తెలియగానే రాజ్యం కొడుకుకు ఒప్పజెప్పి గంగ ఒడ్డున కూర్చుంటాడు. శుకమహర్షి ఏడు రోజులు కథ చెబుతాడు, అతను వింటాడు. ఇద్దరు పరీక్షిత్తులకూ చావు తప్పలేదు, ఇద్దరి గడువూ ఒక్కటే. ఒకరి ఏడు రోజులు కాపలాలో గడిచిపోతే, రెండో ఆయన ఏడు రోజుల నుంచి భాగవతం పుట్టింది.

చెప్పింది జరగక తప్పదనడమూ, దానికి ఒక దారి వెతుక్కోవడమూ ఈ ప్రాంతంలో పక్కపక్కనే నడుస్తాయి. అంతా తలరాత అనే నోరే పరిహారం ఏమిటని అడుగుతుంది. చిల్లకూరుకు దక్షిణంగా ఇదే తీరంలో సముద్రంలో కలిసే స్వర్ణముఖి, అంతకుముందు శ్రీకాళహస్తి గుడి పక్కగా పారి వస్తుంది. ఆ గుడిలో సర్పదోషం పోవాలని రాహుకేతు పూజ చేయించుకునేవాళ్లతో మండపాలు నిండుతాయి. ఆదిపర్వంలోనూ సరిగ్గా ఇలాంటి ఆశ ఉంది. అది పాముల ఆశ.

కన్నతల్లి కద్రువే పాములను యాగాగ్నిలో కాలిపొమ్మని శపించింది. పాములు సభ తీరాయి. బ్రాహ్మణ వేషంలో వెళ్లి యాగం వద్దని బతిమాలుదామని ఒకరన్నారు. యాజకులను కాటేద్దామని ఒకరు, మబ్బులై నిప్పు ఆర్పేద్దామని ఇంకొకరు. ఏలాపుత్రుడనే పాము ఒకప్పుడు తల్లి ఒడిలో ఉండగా విన్న మాట చెప్పాడు. జరత్కారువు అనే మునికి పుట్టే కొడుకు వల్ల సాధువులైన పాములు బతుకుతాయని. పాముల రాజు వాసుకి ఆ ముని కోసం ఏళ్ల తరబడి కాచుకుని తన చెల్లెల్ని ఇచ్చి పెళ్లి చేశాడు. సూర్యాస్తమయం వేళ నిద్ర లేపిందన్న కోపంతో ముని ఆమెను వదిలి వెళ్లిపోతూ, కడుపులో బిడ్డ మాటేమిటని అడిగితే ఒక్క ముక్క అన్నాడు. అస్తి, ఉన్నాడు అని. ఆ బిడ్డకు ఆస్తీకుడని పేరొచ్చింది.

పరీక్షిత్తు కొడుకు జనమేజయుడు సర్పయాగం తలపెట్టినప్పుడు, యాగశాల కొలతలు చూసిన స్థపతి ఇది ఒక బ్రాహ్మణుడి వల్ల మధ్యలో ఆగిపోతుందని చెప్పాడు. రాజు వాకిళ్ల దగ్గర కాపలా పెట్టి, తనకు తెలియకుండా ఎవరినీ రానివ్వద్దన్నాడు. ఆస్తీకుడు కాపలావాళ్లతో పోట్లాడలేదు. వాకిట్లో నిలబడి యాగాన్ని స్తుతించాడు. ఆ స్తుతి నచ్చి లోపలికి రమ్మన్నారు. రాజు వరమిస్తానన్నాడు. అప్పటికి మంత్రం లాగుతున్న తక్షకుడు ఆకాశంలోంచి నిప్పు వైపు జారుతున్నాడు. ఆస్తీకుడు నిలు, నిలు అన్నాడు. తక్షకుడు గాలిలోనే ఆగిపోయాడు. యాగం ఆపమని బాలుడు అడిగిన వరం రాజు ఇచ్చేశాడు. యాగం ముగిశాక రుత్విజులకు దక్షిణలు ఇచ్చి, ఇది ఆగిపోతుందని మొదట్లోనే చెప్పిన స్థపతిని కూడా పిలిచి సంభావన ఇచ్చి పంపాడు.