బొమ్మ వేసుకోవడానికి చోటు

చిత్రకారుడి స్టూడియోకు నాలుగు గోడలుంటే సరిపోదు. ఆరడుగుల కాన్వాసును గోడకు ఆనించి, పదడుగులు వెనక్కి జరిగి చూసుకునే వీలుండాలి. దగ్గర నిలబడి వేసిన రంగు దూరానికి ఎలా కనబడుతుందో చూసుకోకపోతే పెద్ద బొమ్మ పూర్తికాదు. శిల్పికైతే బరువును ఆపే నేల కావాలి. ముద్రణ చిత్రకారుడి ఎచింగ్ ప్రెస్సును మామూలు అపార్ట్‌మెంటు మూడో అంతస్తుకు ఎక్కించడం అయ్యే పని కాదు. టర్పెంటైన్ వాసన బయటికి పోవాలి, రాత్రి పదకొండింటికి సుత్తి దెబ్బ పడ్డా పక్కింటివాళ్ళు తలుపు తట్టకూడదు.

వెలుతురు సంగతి వేరే చెప్పుకోవాలి. ఉత్తరం వైపు పెద్ద కిటికీ ఉన్న గదిని యూరప్ చిత్రకారులు ఏరికోరి తీసుకునేవారు. ఆ వైపు నుంచి నేరుగా ఎండ పడదు, పొద్దస్తమానం వెలుతురు ఒకే తీరుగా ఉంటుంది. హైదరాబాదులో ఈ సూత్రాన్ని కొంచెం సవరించుకోవాలి. ఇక్కడ మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి రోజుల దాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగానే ఉంటాడు. ఆ నెలల్లో ఉదయం, సాయంత్రం ఏటవాలు ఎండ ఉత్తరపు కిటికీలోకీ వస్తుంది. ఒక సన్‌షేడ్, పలచటి తెల్లగుడ్డ తెర ఉంటే ఇబ్బంది తీరుతుంది.

ఇంత చోటు, ఇంత ఎత్తు, ఇంత వెలుతురు తక్కువ అద్దెకు దొరికేది ఇంకొకరు వదిలేసి వెళ్ళిన చోటే. పారిస్‌లో 1902లో శిల్పి ఆల్ఫ్రెడ్ బూషే, 1900 నాటి ప్రపంచ ప్రదర్శన కోసం కట్టిన ద్రాక్షసారాయి మంటపాన్ని కొని, మరో స్థలంలో నిలబెట్టి స్టూడియోలుగా మార్చాడు. తేనెతుట్టెలా ఉండే ఆ ‘లా రూష్’లోనే షగాల్, సూతిన్ వంటి చిత్రకారులు పేదరికంలో పనిచేశారు.

న్యూయార్క్‌లోని సోహో కథ ఇంకా పెద్దది. పంతొమ్మిదో శతాబ్దంలో పోతఇనుప ముఖభాగాలతో కట్టిన అక్కడి గోదాములు, చిన్న ఫ్యాక్టరీలు 1950ల తర్వాత ఒక్కొక్కటిగా ఖాళీ అయ్యాయి. పొడవాటి హాళ్ళు, ఎత్తయిన కిటికీలు, సామాను ఎక్కించే పెద్ద లిఫ్టులు చూసి చిత్రకారులు చేరారు. ఆ భవనాల్లో నివాసం ఉండటం చట్టం ఒప్పుకోనిది. ఖాళీ చేయిస్తారన్న భయంతో చిత్రకారులు సంఘం కట్టి పోరాడితే 1961లో నగర యంత్రాంగం ఒక మెట్టు దిగింది. షరతుల మీద ఉండనిచ్చి, భవనం బయట ‘ఎ.ఐ.ఆర్.’ అనే బోర్డు పెట్టమంది. లోపల చిత్రకారుడు కాపురముంటున్నాడని అర్థం. మంటలు లేస్తే ఆ గోదాములో మనిషి ఉన్నాడని ఫైర్ సిబ్బందికి తెలియాలని ఆ ఏర్పాటు. 1967లో కళాకారుడు జార్జ్ మచూనస్ ఊస్టర్ వీధిలోని 80వ నంబరు భవనాన్ని తీసుకుని, చిత్రకారులే యజమానులుగా ఉండే సహకార పద్ధతి నడిపించాడు. 1971లో అక్కడి నివాసానికి చట్టబద్ధత వచ్చింది. గ్యాలరీలు వచ్చాయి, వాటి వెంట రెస్టారెంట్లు, ఖరీదైన దుస్తుల దుకాణాలు వచ్చాయి. అద్దె మోయలేక చిత్రకారులు బ్రూక్లిన్ వైపు కదిలారు. చివరికి గ్యాలరీలే 1990లలో చెల్సీకి తరలిపోయాయి.

చిత్రకారులు అడుగుపెట్టిన పేటకు విలువ పెరగడం, ఆ విలువే వాళ్ళను బయటికి నెట్టడం ఎన్నో నగరాల్లో జరిగింది, జరుగుతోంది. ఇది అన్యాయం. పాడుబడ్డ గోదాముకు సున్నం కొట్టి, కరెంటు తీగలు లాగి, కిటికీ అద్దాలు బిగించినవాళ్ళకు ఆ పెరిగిన విలువలో దమ్మిడీ రాదు. అందుచేత చవక చోటును వెతికి పట్టుకోవడం సగం పనే. దాన్ని చేజారకుండా నిలుపుకోవడమే అసలు పని.

లండన్‌లో చిత్రకారులు బ్రిజెట్ రైలీ, పీటర్ సెడ్జ్‌లీ 1968లో ‘స్పేస్’ అనే సంస్థను పెట్టి, సెయింట్ కేథరిన్ రేవులోని ఖాళీ గోదాములో స్టూడియోలు ఏర్పాటు చేశారు. 1972లో మొదలైన ‘ఆక్మీ’ కూల్చివేతకు గుర్తు పెట్టిన పాత ఇళ్ళను నగర పాలన సంస్థ నుంచి తాత్కాలికంగా తీసుకుని చిత్రకారులకు ఇచ్చింది. తాత్కాలికం ఎన్నాళ్ళో నిలవదని అనుభవంలో తెలిసి, తర్వాత సొంత భవనాలు సమకూర్చుకునే వైపు మళ్ళింది.

మన పక్కనే చెన్నైలో ఇంతకంటే దృఢమైన ఉదాహరణ ఉంది. మద్రాసు చిత్రకళాశాల ప్రిన్సిపాల్ కె.సి.ఎస్. పణిక్కర్, ఆయన శిష్యులు 1966లో మహాబలిపురం దారిలో ఇంజంబాక్కం దగ్గర దాదాపు పది ఎకరాలు కొని చోళమండలం అనే చిత్రకారుల గ్రామాన్ని నెలకొల్పారు. డబ్బు ఏ దాత దగ్గర నుంచో రాలేదు. బొమ్మలు అమ్ముడుపోని ఆ రోజుల్లో బాతిక్ గుడ్డలు, ఇతర చేతిపనులు చేసి అమ్మారు, ఆ రాబడిలోంచే స్థలానికి కూడబెట్టారు. తెలుగువాడైన ఎం. రెడ్డెప్ప నాయుడు వంటి చిత్రకారులు పణిక్కర్ తీర్చిదిద్దిన తరంవారే. అప్పట్లో ఊరికి దూరంగా, సముద్రపు ఇసుకలో ఉన్న ఆ నేల ఇవాళ ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద ఉంది. ఇప్పుడు కొనాలంటే ఏ చిత్రకారుల బృందం తరమూ కాదు. భూమి తమదైంది కాబట్టే వాళ్ళు కదలాల్సిన అవసరం రాలేదు. ఢిల్లీలో లలిత కళా అకాడమీ గఢీ గ్రామంలో 1976 నుంచి నడుపుతున్న స్టూడియోలది ఇంకో దారి. చిత్రకళ, శిల్పం, సిరామిక్స్, ముద్రణ చిత్రకళకు అక్కడ ఉమ్మడి పనిశాలలు ఉన్నాయి. సొంతంగా కొనలేని ప్రెస్సు, బట్టీ అక్కడ అందుబాటులోకి వస్తాయి.

హైదరాబాదులో స్టూడియో వెతికేవారు బాలానగర్, జీడిమెట్ల, నాచారం, కాటేదాన్ వంటి పారిశ్రామిక వాడల్లో పాత షెడ్లను ఒకసారి చూడాలి. ఒక్కరి తాహతుకు మించిన షెడ్డును నలుగురు పంచుకోవచ్చు. అప్పుడు ఎవరు ఎంత కడతారో, మధ్యలో ఒకరు మానుకుంటే వారి వాటా ఎవరు భరిస్తారో ముందే కాగితం మీద రాసుకోవడం మేలు. ఇంటి యజమానులు మామూలుగా పదకొండు నెలల ఒప్పందమే రాయిస్తారు. ఏడాదికి మించిన లీజును తప్పనిసరిగా రిజిస్టర్ చేయించాలి కాబట్టి ఆ ఖర్చు తప్పించుకోవడానికి ఈ పద్ధతి అలవాటైంది. ఇంట్లో అద్దెకుండేవారికి దీంతో పెద్ద చిక్కు ఉండదు. షెడ్డుకు ఫ్లోరింగ్, లైట్లు, సింకు పెట్టించుకున్న చిత్రకారుడికి మాత్రం పన్నెండో నెలలో అంతా పోయే ప్రమాదం ఉంది. అద్దె ఏటా ఎంత పెరగాలో రాసుకున్న మూడేళ్ళ రిజిస్టర్డ్ లీజుకు అయ్యే ఖర్చు ఆ నష్టం ముందు చిన్నదే.

భద్రత విషయంలో బేరం పనికిరాదు. 2016 డిసెంబరులో అమెరికాలోని ఓక్లాండ్‌లో చిత్రకారులు ఉంటున్న ఒక గోదాములో మంటలు లేచి 36 మంది చనిపోయారు. రంగులు పలచబరిచే ద్రవాలు ఉండే చోట రెండో ద్వారం, పనిచేసే ఫైర్ ఎక్స్‌టింగ్విషర్, సరైన వైరింగు ఉండి తీరాలి. నూనెరంగులు తుడిచిన గుడ్డల్ని కుప్పపోస్తే వాటంతట అవే వేడెక్కి రాజుకోవచ్చు, కనుక మూత బిగుతుగా ఉన్న రేకు డబ్బాలో వేయాలి. బయానా ఇచ్చేముందు షెడ్డును వాన పడుతున్నప్పుడు ఒకసారి చూడాలి. రేకు ఎక్కడ కారుతోందో, గోడ ఎంత ఎత్తుదాకా చెమ్మ పడుతోందో ఆ గంటలోనే తెలుస్తుంది. కాగితం మీద, కాన్వాసు మీద పనిచేసేవారికి చెమ్మ పట్టే గోడ అద్దె ఎంత తక్కువైనా ఖరీదైనదే.